ఆ కథకి నేను ఆమీన్ చెప్పలేను

బక్రీద్ సెలవులకి ఇంటికొచ్చిన నా కూతురు మూడో రోజు రాత్రి, ఇషా నమాజ్ అయ్యాక, దస్తర్‌ఖాన్ ఎత్తేసిన చోటే లాప్‌టాప్ తెచ్చి పెట్టింది. ఎంబీబీఎస్ రెండో సంవత్సరం చదువుతోంది. "అబ్బా, ఇది చూడకుండా మీరు డాక్టర్ల మీద ఇంకో ఆర్టికల్ రాయొద్దు" అంది. అదీ, మా బేగమూ, నేనూ కూర్చున్నాం. 'మ్యాష్' అనే అమెరికన్ సీరియల్ ఆఖరి ఎపిసోడ్. సుమారు రెండు గంటలు. అయిపోయేసరికి పిల్ల కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. మా బేగం దుపట్టాతో ముక్కు తుడుచుకుంటోంది. ఝూట్ ఎందుకు చెప్పాలి, నా కళ్ళూ తడిశాయి.

నోరు ఊరుకోక అడిగాను.

"ఆ తల్లి పేరేంటి బేటా?"

"ఏ తల్లి?"

"బస్సులో తల్లి."

కాసేపు ఆలోచించింది. "పేరు చెప్పలేదు అబ్బా."

"మరి ఆమె తర్వాత ఏమైంది?"

"అది చూపించలేదు కదా!" దానికి విసుగొచ్చింది. "ఆప్ భీ నా అబ్బా... కథ డాక్టర్‌ది. ఆమెది కాదు."

ఆ మాట నన్ను పడుకోనివ్వలేదు. కథ డాక్టర్‌ది, ఆమెది కాదు. ఈ ఫైస్లా ఎవరు చేశారు? బిడ్డ చచ్చింది ఆమెకి. కథ మాత్రం ఇంకొకరిదెలా అయింది? నా పేచీ అంతా ఇక్కడే.

చూడనివాళ్ళ కోసం ముందు కథ చెప్తాను. 'మ్యాష్' 1972 సెప్టెంబర్‌లో సీబీఎస్ అనే అమెరికన్ ఛానెల్‌లో మొదలైంది. అంతకుముందు 1968లో నవలగా, 1970లో రాబర్ట్ ఆల్ట్‌మన్ తీసిన సినిమాగా వచ్చిన కథే. కొరియా జంగ్‌లో, ఫ్రంట్‌కి దగ్గర్లో గుడారాలేసి పెట్టిన అమెరికా సైన్యపు సర్జికల్ ఆస్పత్రి. అందులో డాక్టర్లు, నర్సులు, ఒక పాదరీ, కొందరు సిపాయిలు. కొరియా జంగ్ 1950 జూన్‌లో మొదలై 1953 జూలైలో ఆగింది. మూడేళ్ళు. సీరియల్ పదకొండు సీజన్లు నడిచింది. ఆఖరి ఎపిసోడ్ 1983 ఫిబ్రవరి 28 రాత్రి వచ్చింది. ఆ ఒక్క రాత్రి అమెరికాలో దాదాపు 10 కోట్ల 60 లక్షల మంది చూశారు. కథగా రాసి తీసిన టీవీ ఎపిసోడ్లలో ఆ రికార్డుని అక్కడ ఇప్పటికీ ఎవరూ దాటలేదు.

ఆ ఎపిసోడ్ మొదలయ్యేసరికి హీరో డాక్టర్ హాకీ పిచ్చాసుపత్రిలో ఉంటాడు. హాకీగా వేసిన ఆలన్ ఆల్డానే ఆ ఎపిసోడ్‌కి దర్శకుడు. సిడ్నీ అనే మానసిక వైద్యుడు అతని యాదుల్ని మెల్లగా తవ్వుతుంటాడు. అందరూ సముద్రం ఒడ్డుకి పిక్నిక్ వెళ్ళారు. తిరిగి వచ్చేటప్పుడు దారిలో కొరియన్ శరణార్థుల్నీ, గాయపడ్డ సిపాయిల్నీ బస్సెక్కించుకున్నారు. దుష్మన్ గస్తీ దగ్గర్లో ఉంది. చప్పుడైతే అందరూ పోతారు. వెనక సీట్లో ఒకామె ఒడిలో కోడి అరుస్తోంది. హాకీ కోపంగా దాని నోరు మూయించమన్నాడు. ఆమె మూయించింది. కోడి చచ్చిపోయింది. అతనికి యాదున్నది ఇంతే. సిడ్నీ ఇంకా అడుగుతాడు. అప్పుడు బయటపడుతుంది. అది కోడి కాదు. పసిబిడ్డ. తల్లి తన చేత్తో తనే బిడ్డ ఊపిరి ఆపింది.

ఎవరికైనా కలేజా కదులుతుంది. కదలకపోతే మనిషి కాదు.

ఇన్సాఫ్‌గా మాట్లాడాలంటే ఈ సీరియల్ చేసిన మంచి కూడా చెప్పాలి. కామెడీ అన్నాక వెనక నవ్వుల సౌండు పెట్టాల్సిందేనని ఛానెల్ పట్టుబడితే, ఆపరేషన్ థియేటర్ సీన్లలో మాత్రం ఆ సౌండు ఉండకూడదని తీసినవాళ్ళు కొట్లాడి సాధించుకున్నారు. కోసిన కడుపు ముందు నవ్వు హరామ్ అని వాళ్ళకి తెలుసు. వియత్నాం జంగ్ ఇంకా నడుస్తున్న రోజుల్లో కొరియా పేరు పెట్టి జంగ్ అంటే ఏమిటో ఇళ్ళల్లోకి తెచ్చారు. ఆఖరి ఎపిసోడ్‌లో అయితే ఎవర్నీ వదల్లేదు. పాదరీ చెవులు పోతాయి. సంగీతం అంటే ప్రాణమిచ్చే డాక్టర్ విన్‌చెస్టర్, లొంగిపోయిన ఐదుగురు చైనా సిపాయిలకి మోజార్ట్ నేర్పిస్తాడు. వాళ్ళు చచ్చాక ఆ సంగీతమే అతనికి జహర్ అవుతుంది. జంగ్ నుంచి ఎవరూ సలామత్‌గా ఇంటికి పోరని ఆ ఎపిసోడ్ చెప్పింది. దీన్నంతా నేను ఒప్పుకుంటాను.

కానీ సలామత్‌గా ఇంటికి పోలేదని మనకి చూపించిన 'ఎవరూ' ఎవరు? అందరూ అమెరికా వాళ్ళే. చైనా సంగీతకారులు చస్తే అది విన్‌చెస్టర్ దుఃఖం. కొరియా బిడ్డ చస్తే అది హాకీ దుఃఖం. జఖ్మ్ వాళ్ళది, దర్ద్ వీళ్ళది. చనిపోయినవాళ్ళు డాక్టర్ల మనసులోకి దారి చూపించే దీపాల్లాగా కాసేపు వెలిగి ఆరిపోతారు.

నిజం బయటపడ్డాక ఆ ఎపిసోడ్ అడిగే సవాళ్ళు చూడండి. హాకీకి నయమవుతుందా? మళ్ళీ కత్తి పట్టుకుంటాడా? పిల్లల్ని చూస్తే చేయి వణకదా? ఇంటికి పోయాక ఏం చేస్తాడు? వీటన్నిటికీ జవాబులున్నాయి. అతను తిరిగి వస్తాడు, పని చేస్తాడు, సొంత ఊరికి పోయి తన పేషెంట్లని బాగా తెలుసుకునే డాక్టర్‌గా ఉంటానంటాడు. ఆఖర్న హెలికాప్టర్ ఎక్కితే, కింద నేల మీద దోస్త్ రాళ్ళతో పేర్చిన 'గుడ్‌బై' కనిపిస్తుంది. అక్కడే మనందరం ఏడ్చాం.

ఆ తల్లి బస్సు ఎక్కడ దిగింది? బిడ్డని ఎక్కడ దఫన్ చేసింది? చేయనిచ్చారా? ఇంట్లో ఇంకా పిల్లలున్నారా? మొగుడు బతికే ఉన్నాడా? ఆ రాత్రి ఆమె పాలు ఎట్లా ఆగాయి? ఈ సవాళ్ళలో ఒక్కటీ లేదు. హాకీ కోడిని బిడ్డగా గుర్తు తెచ్చుకుంటే చాలు, అతనికి షిఫా. ఆమెకి ఏం కావాలో ఎవరికీ పట్టలేదు. బస్సులో బిడ్డని చుప్ చేశారు, కథలో తల్లిని చుప్ చేశారు.

నా కూతురు ఊరుకుంటుందా? మర్నాడు పొద్దున చాయ్ దగ్గర బహస్ పెట్టుకుంది. ఒక్కోటీ చెప్తాను.

"కథకి ఒక హీరో ఉండాలి కదా అబ్బా. ప్రతి ఒక్కరి కథా చెప్పలేరు." నిజమే. కానీ పదకొండేళ్ళు ఉన్నాయి వాళ్ళ దగ్గర. ఆఖర్న రెండున్నర గంటల స్లాటు ఉంది. అందులో ఒక పేరు చెప్పడానికి ఎంత టైం పడుతుంది? రెండు సెకన్లు.

"సూన్-లీ ఉంది కదా. ఆమె కొరియా అమ్మాయే. పేరుంది." ఉంది. మాబాప్ కోసం వెతుక్కునే సూన్-లీని క్లింగర్ నికాహ్ చేసుకుని, ఆమె కోసం కొరియాలోనే ఉండిపోతాడు. సైన్యం నుంచి బయటపడాలని ఏళ్ళ తరబడి ఆడవాళ్ళ బట్టలేసుకుని తిరిగినవాడు. ఆ ఎపిసోడ్‌లో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. కానీ చూడండి, ఒక అమెరికన్ సిపాయి ప్రేమించాక గానీ కొరియా ఆడపిల్లకి ఆఖరి ఎపిసోడ్‌లో పేరు రాలేదు. ఎవరూ ప్రేమించని తల్లికి రాలేదు.

"హాకీకి ఆమె పేరు తెలీదు. తెలియనిది ఎట్లా చెప్తాడు?" ఇదీ అసలు మాట. తెలీదు, ఎందుకంటే అడగలేదు. ఆజ్ఞ ఇచ్చినవాడు అతను, పాటించింది ఆమె. ఆజ్ఞ ఇచ్చే ముందు పేరు అడిగే టైం లేకపోవచ్చు. గస్తీ వెళ్ళిపోయాక? బస్సు కదిలాక? సిడ్నీ ముందు కూర్చుని వారాల తరబడి మాట్లాడాక? అతను ఏడుస్తూ అనే మాటల సారం ఒకటే: చంపమని కాదు నేను అన్నది, చప్పుడు ఆపమని మాత్రమే. తన నీయత్ గురించే అతని బాధ. అది నిజమైన బాధే. కానీ ఆ బాధ మొత్తం తన చుట్టూనే తిరుగుతుంది.

"1983 నాటి అమెరికా వాళ్ళు అబ్బా. వాళ్ళకి అంతే తెలుసు." సరే, మరి తెలిసినవాళ్ళ సంగతి చెప్తాను.

1950 జూలైలో, జంగ్ మొదలైన నెలకే, దక్షిణ కొరియాలో నో గన్ రి అనే ఊరి దగ్గర రైలు వంతెన కింద ఇరుక్కున్న శరణార్థుల మీద అమెరికా సైన్యం కాల్పులు జరిపింది. చాలామంది ఆడవాళ్ళూ పిల్లలే. అక్కడ చంగ్ ఉన్-యోంగ్ అనే ఆయన ఇద్దరు పిల్లలు పోయారు. ఆయన ఏళ్ళ తరబడి అర్జీలు పెట్టాడు. ఎవరూ వినకపోతే 1994లో తన గోడు నవలగా రాసి అచ్చు వేయించాడు. అయినా ప్రపంచం వినలేదు. 1999లో అసోసియేటెడ్ ప్రెస్ విలేకరులు ఆయన లాంటివాళ్ళనీ, అప్పటి సిపాయిల్నీ అడిగి ఖబర్ రాశాక వినింది. 2001లో అమెరికా సదర్ బిల్ క్లింటన్ విచారం ప్రకటించాడు. ముఆఫీ మాత్రం అడగలేదు. 2005లో దక్షిణ కొరియా ప్రభుత్వం అక్కడ పోయిన, కనిపించకుండా పోయిన 163 మందిని పేరుపేరునా గుర్తించింది.

ఇప్పుడు లెక్క చూడండి. ఒక డాక్టర్ యాదులో చచ్చిన కొరియా బిడ్డ కోసం 10 కోట్ల మంది ఒక్క రాత్రిలో ఏడ్చారు. ఆ రాత్రి చంగ్ ఉన్-యోంగ్ బతికే ఉన్నాడు. ఆయన గొంతు వినడానికి ఇంకో పదహారేళ్ళు పట్టింది. డాక్టర్ కోసం కార్చిన కన్నీళ్ళు బిడ్డ తండ్రి దాకా నడిచి వెళ్ళలేదు. నా కోపం ఇదే. కన్నీళ్ళు తప్పు కాదు. ఏడ్చాం కాబట్టి మన ఫర్జ్ తీరిపోయిందనుకోవడం తప్పు.

ఈ జంగ్ మనకేం పరాయిది కాదు. మన దేశం నుంచి 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్ అనే సైనిక వైద్య దళం లెఫ్టినెంట్ కల్నల్ రంగరాజ్ నాయకత్వంలో 1950లోనే కొరియా వెళ్ళింది. సిపాయిలకీ, మామూలు జనానికీ మూడేళ్ళకు పైగా వైద్యం చేసింది. ఆయనకి మహావీర్ చక్ర ఇచ్చారు. ఫఖ్ర్‌గా చెప్పుకోవాల్సిన మాట. కానీ మనం కూడా చెప్పుకునేది డాక్టర్ల బహాదురీ గురించే. వాళ్ళు కుట్టిన గాయాలు ఎవరివి అని ఎప్పుడైనా అడిగామా? నేను అడగలేదు.

మా నానీ గుర్తొస్తోంది. చదువు రాదు. మొహర్రంలో పీర్లు లేచే రోజుల్లో వాకిట్లో కూర్చుని మర్సియాలు వింటూ ఏడ్చేది. కర్బలాలో ఆరు నెలల బిడ్డ పేరు ఆమెకి తెలుసు. అలీ అస్గర్. తల్లి పేరు తెలుసు. రబాబ్. బిడ్డకి దాహమైందనీ, తల్లి పాలు ఎండిపోయాయనీ తెలుసు. బాణం గొంతులో దిగాక తల్లి ఏమైందో కూడా తెలుసు. పదమూడు వందల ఏళ్ళ కిందట, ఎక్కడో ఇరాక్ ఎడారిలో చచ్చిన బిడ్డ కోసం మా ఊరి ముసలామె పేరు పెట్టి ఏడ్చింది. మర్సియాకి ఆ తాకత్ పేరు వల్లే వచ్చింది. ఆ బస్సులో బిడ్డకి మర్సియా ఎవరు రాస్తారు? ఏమని పిలిచి రాస్తారు?

ఇంతసేపూ అమెరికా వాళ్ళని తిట్టాను. ఇక నా వంతు.

ఇరవై ఏళ్ళ కిందట నేను ఒక పత్రికకి జిల్లా రిపోర్టర్‌ని. ఒక రాత్రి ఆస్పత్రికి పోతే, మెట్ల మీద ఒక కుర్ర డాక్టర్ కూర్చుని ఏడుస్తున్నాడు. జ్వరంతో వచ్చిన పసిబిడ్డ అతని చేతుల్లోనే పోయింది. అతని తప్పేమీ లేదు. చేయగలిగిందంతా చేశాడు. నేను అతని పక్కన కూర్చుని గంట మాట్లాడాను. మర్నాడు తెల్లకోటు కన్నీళ్ళ గురించి అరపేజీ రాశాను. డెస్క్ నుంచి శభాష్ అని ఫోనొచ్చింది. ఫోటోలో వెనక వేపచెట్టు కింద బురఖాలో ఒకామె కూర్చుని ఉంది. కింద 'విషాదంలో ఒక మహిళ' అని వేశారు. ఆ మాటలు రాసింది నేనే.

వారం తర్వాత ఒకాయన సైకిల్ మీద ఆఫీసుకొచ్చాడు. చేతిలో ఆ కటింగ్. సలామ్ చెప్పి, కోపం లేకుండా, చాలా అదబ్‌గా అడిగాడు.

"సాబ్, డాక్టర్ సాబ్ పేరు రాశారు. ఊరు రాశారు. చదివిన కాలేజీ రాశారు. మా ఆపా పేరు ఎందుకు రాయలేదు? పోయింది మా బిడ్డే కదా."

చాయ్ తెప్పించాను. పేపర్లో జాగా సరిపోలేదని చెప్పాను. జాగా లేక కాదు. నేను అడగలేదు. ఆమె నాకు ఇరవై అడుగుల దూరంలో ఉంది. నా జబాన్ మాట్లాడే మనిషి. నేను చదివిన ఉర్దూ బడి లాంటి బడిలోనే చదివిందేమో. అయినా నా కథలో ఆమె వెనకాల ఉండే నల్లటి మచ్చ మాత్రమే. ఆయన వెళ్ళేటప్పుడు ఆమె పేరు చెప్పాడు. రాసుకోలేదు. ఆ డాక్టర్ పేరు ఈరోజుకీ యాదుంది. అతని కోటు జేబు మీద సిరా మరక యాదుంది. ఆమె పేరు యాద్ లేదు. ఎంత తలబద్దలు కొట్టుకున్నా రాదు.

అందుకే హాకీని తిట్టేటప్పుడు నా గొంతు కొంచెం తగ్గుతుంది. వాడు కనీసం యాదు కోసం పిచ్చాసుపత్రిలో కూర్చున్నాడు. నేను ప్రెస్‌మీట్‌కి పోయాను.

ఇంకో మాట. ఇది మన ఇళ్ళ గురించి. కొంచెం చేదుగా ఉంటుంది, ముఆఫ్ చేయండి. ఆస్పత్రి చీటీల కౌంటర్ దగ్గర ఒక గంట నిలబడండి. "పేషెంట్ పేరు?" అంటే మన మగవాళ్ళు చాలామంది ముందు తమ పేరు చెప్తారు. ఆమెది అడిగితే "మా ఘర్‌వాలీ" అంటారు. కొన్ని షాదీ కార్డులు చూడండి, దుల్హా పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది, దుల్హన్ పేరుండదు, ఫలానా సాబ్ దుఖ్తర్ అని మాత్రం ఉంటుంది. పర్దా అంటారు. పేరుకి పర్దా ఏమిటి భాయ్? రబాబ్ పేరు ఇన్ని వందల ఏళ్ళుగా మర్సియాల్లో మోగుతోంది కదా, ఆమె ఇజ్జత్‌కి ఏమైనా తగ్గిందా? మన ఆడవాళ్ళ పేర్లు మనమే చెప్పకపోతే ఆస్పత్రిలో వాళ్ళని 'బెడ్ నంబర్ పద్నాలుగు' అన్నా, 'ఆ బురఖామె' అన్నా మనం ఏ మొహంతో కొట్లాడతాం?

మన ఇళ్ళల్లో ఇప్పుడు పిల్లలు డాక్టర్లు అవుతున్నారు. నీట్ కోసం నగలు తాకట్టు పెట్టిన అమ్మీలు నాకు తెలుసు. ఆ పిల్లలు ఇలాంటి సీరియళ్ళు చూస్తారు. చూడాలి కూడా. కానీ ఒక గలత్ సబక్ నేర్చుకుంటారేమోనని నా భయం. డాక్టర్ దుఃఖమే గొప్పదనీ, పేషెంట్ దుఃఖం దానికి సామాను మాత్రమేననీ. వద్దు. డాక్టర్‌కి దుఃఖం ఉంటుంది, ఉండాలి. కానీ అది రెండో దుఃఖం. మొదటిది బిడ్డ పోయిన తల్లిది. ఈ వరస తారుమారైతే రహమ్ కాస్తా తన మీద తాను జాలిపడటం అయిపోతుంది.

ఆ ఎపిసోడ్ పేరు 'గుడ్‌బై, ఫేర్‌వెల్ అండ్ ఆమెన్'. ఆమెన్ అంటే మన ఆమీనే. దువా పూర్తయ్యాక అనే మాట. ఆ దువాలో అందరూ ఉన్నారు. డాక్టర్లు, నర్సులు, పాదరీ, సిపాయిలు, చివరికి హాకీ దోస్త్ మోటార్‌సైకిల్ కూడా. బస్సులో తల్లి లేదు. దువాలో ఆమె పేరు చేరేదాకా నేను ఆమీన్ అనను.

మొన్న నా కూతురు హాస్టల్ నుంచి ఫోన్ చేసింది. వార్డు పోస్టింగ్ మొదలైందట. "అబ్బా, మీ మాట నేను పూర్తిగా ఒప్పుకోను. హాకీ ఏడుపు ఝూట్ కాదు" అంది. "ఝూట్ అని నేను అనలేదు బేటా" అన్నాను. కొంచెం ఆగి, "కేస్ షీట్‌లో మొదటి గడి పేరే" అంది. "ఈరోజు ఒకామెని అడిగాను. పక్కనున్న ఆయన జవాబివ్వబోయాడు. 'మీరు కాదు చాచా, ఆపా చెప్పాలి' అన్నాను. ఆమె నా మొహంలోకి చూసి చెప్పింది."

"ఏం పేరు?"

"పేషెంట్ పేరు మీకు చెప్పకూడదు అబ్బా. కానీ నాకు యాదుంది."

నాకు అంతే చాలు.